హోటల్ ముందు ఖాళీ జాగాలో టేబుళ్లు వేసే ముందు

మీరు అడిగినదాన్ని ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను. హనుమకొండలో యాభై సీట్ల ఫ్యామిలీ రెస్టారెంటు. ముందు 40 అడుగుల వెడల్పు, 25 అడుగుల లోతు ఖాళీ స్థలం, పడమర ముఖం, మూలన ఒక వేపచెట్టు. ఆరు లక్షల్లో అక్కడ అరవై మంది కూర్చునేలా ఓపెన్ ఎయిర్ సీటింగ్ చేయాలనుకుంటున్నారు. గొడుగులా రేకుల షెడ్డా, కింద గ్రాస్ కార్పెట్ బాగుంటుందా, మిస్ట్ ఫ్యాన్లు పనిచేస్తాయా, చెట్టు కొట్టేయాలా, రేపు బార్ లైసెన్సు తీసుకుంటే అక్కడే మందు సర్వ్ చేయొచ్చా అని అడిగారు. హోటళ్లకు కిచెన్లు, హాళ్లు ప్లాన్ చేసి నడిపించి ఇవ్వడం నా పని. ఎక్కువగా హైదరాబాద్, వరంగల్ వైపు, కొంత విశాఖ, విజయవాడల్లో చేశాను. కాబట్టి తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను.

ముందు మీరు అడగని ప్రశ్న ఒకటి. శనివారం రాత్రి ఎనిమిదిన్నర. లోపల హాలు నిండుగా ఉంది, బయట టేబుళ్లూ నిండాయి, సగం మందికి బిర్యానీ ఇప్పుడే వడ్డించారు. వాన మొదలైంది. బయట ఉన్నవాళ్లను ఎక్కడ కూర్చోబెడతారు? దీనికి జవాబు దొరికితే కప్పు ఎంత వేయాలి, సీట్లు ఎన్ని, ఫర్నిచర్ ఎలాంటిది అన్నవి చాలావరకు వాటంతటవే తేలతాయి. జవాబు లేకుండా కట్టిన చోట్ల ఆ రాత్రి ఏం జరుగుతుందంటే, జనం ప్లేట్లు పట్టుకుని తలుపు దగ్గర గుంపుగా నిలబడతారు. లోపల తింటున్నవాళ్లకు అది చికాకు. బిల్లులు ఎవరివి ఎవరివో కలిసిపోతాయి. కొందరు కట్టకుండానే వెళ్లిపోతారు, వాళ్లనూ తప్పుపట్టలేం.

సీట్ల లెక్కకు వద్దాం. మీ స్థలం వెయ్యి చదరపు అడుగులు. అందులో తలుపు దాకా దారికి 5 అడుగుల వెడల్పు వదలాలి. చేతులు కడుక్కునే చోటు, సర్వీస్ టేబుల్, చెట్టు మొదలు చుట్టూ జాగా, అంచున కుండీలు తీసేస్తే 700 చదరపు అడుగులు మిగిలితే గొప్ప. బయట మనిషికి 18 నుంచి 20 చదరపు అడుగులు చూసుకోవాలి, అంటే ముప్పై ఆరు మంది. అరవై మందిని కూర్చోబెట్టవచ్చు, కాదనను. కానీ కుర్చీ వెనక్కి జరిపితే పక్కవాడి వీపుకు తగులుతుంది, వేడి పులుసు గిన్నెలతో సర్వర్ పక్కకు తిరిగి నడవాలి. టేబుళ్ల వరసల మధ్య సర్వర్ నడిచే దారి కనీసం మూడున్నర అడుగులు ఉంచండి. మెట్టు ఉంటే పక్కన ర్యాంపు తప్పనిసరి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు లెక్క. ఫ్యామిలీ రెస్టారెంటు అన్నాక వీల్‌చెయిర్ మీద నాయనమ్మలు, తాతయ్యలు వస్తారు.

ముప్పై ఆరు కూడా ఒక షరతు మీద. మీ కిచెన్ యాభై సీట్లకు కట్టింది. ఇప్పటికే శనివారం స్టార్టర్లు అరగంట పడుతున్నాయంటే, సీట్లు పెంచడం వల్ల పెరిగేది ఎదురుచూపే. ఒక్క తందూరు భట్టీ, ఇద్దరు మాస్టర్లతో ఎనభై ఆరు మందికి వండలేరు. బయట ఒక్క ఇటుక పేర్చకముందే రెండు వారాలు శని, ఆదివారాల్లో కేఓటీ (కిచెన్‌కు వెళ్లే ఆర్డర్ చీటీ) ఎప్పుడు వెళ్లింది, ప్లేటు ఎప్పుడు బయటికొచ్చింది అని రాయించండి. ఆ కాగితం చూశాక ఆరు లక్షల్లో ఒక లక్ష కిచెన్‌కే పోవాలని మీకే అనిపించవచ్చు.

ఇప్పుడు కప్పు సంగతి. గొడుగులా షెడ్డా అంటే, మీ స్థలానికి రెండూ పూర్తి సమాధానం కావు. పడమర ముఖం కదా, ఎండాకాలం సాయంత్రం ఎండ నెత్తిమీద నుంచి రాదు, అడ్డంగా ముఖానికి కొడుతుంది. మే నెలలో మీ దగ్గర సూర్యుడు అస్తమించేది ఆరున్నర దాటాకే. ఆ ఎండకు గొడుగు నీడ టేబుల్ మీద పడదు, వెనక గోడ మీద పడుతుంది. పడమర వైపు నిలువుగా దిగే తెర కావాలి. చుట్టి పైకి లేపే వెదురు తెరలు చవక, అందం కూడా. ఏప్రిల్, మే నెలలకు వట్టివేరు తడికెలు కట్టి నీళ్లు చల్లితే ఎండా ఆగుతుంది, గాలి చల్లబడుతుంది, వాసనకే జనం కూర్చుంటారు. ఇది మన పాత ఇళ్లలో పద్ధతే. ఇప్పుడు రెస్టారెంట్లు దాన్ని వదిలేసి, ఖరీదైన కూలర్ల వెంట పడుతున్నాయి.

వాన కూడా మీకు అటునుంచే ఎక్కువ కొడుతుంది. నైరుతి రుతుపవనాల్లో తెలంగాణ మీద గాలి ప్రధానంగా పడమటి వైపు నుంచి వీస్తుంది. కాబట్టి పక్కాగా కప్పేది గోడకు ఆనుకున్న 10 అడుగుల మేర. అందులో పదహారు, పద్దెనిమిది సీట్లు పడతాయి. దాని ముందు అంచుకు పారదర్శకమైన పీవీసీ తెర, అవసరమైనప్పుడు దించేలా. మిగతా సగం ఆకాశం కిందే ఉండనివ్వండి. మబ్బు పట్టిన రోజున ఆ సగంలో కూర్చోబెట్టే ముందు లోపల నాలుగైదు టేబుళ్లు ఖాళీగా అట్టిపెట్టమని కెప్టెన్‌కు చెప్పాలి. వాన జోరుగా ఉన్న జులై, ఆగస్టుల్లో ఆ సగం అసలు వేయకపోయినా నష్టం లేదు. మీ అప్పు వాయిదాలు లెక్కేసేటప్పుడు ఆకాశం కింద సీట్లకు అక్టోబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకానే పూర్తి ఆదాయం రాసుకోండి. మార్చి నుంచి జూన్ దాకా రాత్రి ఏడు తర్వాత మాత్రమే. ఎండాకాలం మధ్యాహ్న భోజనం బయట పెట్టాలన్న ఆలోచనే వద్దు.

పక్కా కప్పుకు మామూలు రేకు వేయకండి. పగలంతా కాలి రాత్రి పదింటి దాకా వేడి కిందికి వదులుతుంది. వాన పడితే ఆ చప్పుడుకు ఎదురుగా ఉన్నవాళ్ల మాట వినపడదు. మధ్యలో ఫోమ్ ఉండే పఫ్ ప్యానెల్ రెండు బాధలూ తగ్గిస్తుంది, ఖరీదు ఎక్కువే. గట్టి పీవీసీ పూత గుడ్డతో, బోల్టులు విప్పితే ఊడిపోయే స్తంభాల మీద వేసే కప్పు మధ్యేమార్గం. నేను దానికే మొగ్గుతాను, కారణం కింద చెబుతాను. తాటాకు, ఎండుగడ్డి, సన్న వెదురు తడికెల పైకప్పులు ఫొటోల్లో బాగుంటాయి. 2017 డిసెంబర్ 29న ముంబై కమలా మిల్స్ రూఫ్‌టాప్ రెస్టారెంట్లలో మంటలు లేచి 14 మంది చనిపోయారు. అక్కడ పైకప్పుకు వాడిన తేలిగ్గా అంటుకునే సరుకే మంటను క్షణాల్లో పరిచింది. మీ పక్కనే తందూరు ఉంటుంది, సీరియల్ బల్బులు ఉంటాయి. గుడ్డ కొనేటప్పుడు మంటను ఆపే రకమని సర్టిఫికెట్ అడగండి. పక్కకు దించే వెదురు తెరలను బల్బులకూ నిప్పుకూ దూరంగా ఉంచండి. కబాబ్ పొయ్యి బయట పెట్టాలని సరదా పుడుతుంది చూడండి, దాన్ని గాలి ఎటు వీస్తోందో చూడకుండా పెడితే పొగంతా కస్టమర్ల కళ్లలోకే.

గొడుగులు వేస్తే ఆకాశం కింద సగానికి, అదీ చలికాలం పగటి పూటకి. ఏప్రిల్, మేలో మన దగ్గర గాలిదుమారం చెప్పి రాదు. పది అడుగుల గొడుగు తెరిచి ఉంటే దాన్ని ఎత్తి రోడ్డు మీద పడేస్తుంది. మధ్య స్తంభం గొడుగుకు దిమ్మె కనీసం యాభై కిలోలు ఉండాలి, పక్క నుంచి వేలాడే రకానికి దానికి రెట్టింపు చూసుకోండి. రాత్రి షాపు కట్టేటప్పుడు గొడుగులు మూయడం ఎవరి పనో ఒకరి పేరు మీద రాసిపెట్టండి. అందరి పని అంటే ఎవరూ చేయరు.

నేల మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. గ్రాస్ కార్పెట్ వద్దు. మధ్యాహ్నం ఎండకు కాలు పెట్టలేనంత వేడెక్కుతుంది. బిర్యానీ మెతుకులు, నూనె, పెరుగు దాని పోచల్లో ఇరుక్కుంటే చీపురుకు రావు. వానాకాలం కింద నీరు నిలిచి ముక్కిపోయిన వాసన వస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ ఫొటోకు తప్ప తిండి పెట్టే చోట అది దేనికీ పనికిరాదు. నిజం గడ్డి కూడా వద్దు, కుర్చీ కాళ్లు దిగబడతాయి. మీ దగ్గర తాండూరు బండ తేలిగ్గా దొరుకుతుంది. పాలిష్ పట్టనిది తీసుకోండి. నున్నటి గ్రానైట్, మెరిసే టైల్స్ మీద వాన నీళ్లు, నూనె చుక్క కలిస్తే సర్వర్ ట్రేతో సహా పడతాడు. వాలు వందకు ఒకటి, అంటే మీ 25 అడుగులకు 3 అంగుళాలు, తలుపు వైపు నుంచి రోడ్డు వైపుకు. చివర జాలీ మూత ఉన్న కాలువ. మేస్త్రీలు "సరిపోద్దిలే సార్" అంటారు. బండలు పరిచిన రోజే పైపుతో నీళ్లు వదిలి, ఎక్కడ నిలుస్తున్నాయో చూశాకే డబ్బు ఇవ్వండి. వాలు ఉంది కాబట్టి టేబుళ్లు ఊగుతాయి, కాళ్ల కింద తిప్పి ఎత్తు సరిచేసే బుషెస్ ఉన్నవే కొనండి. మడిచిన టిష్యూ పేపరు కాలి కింద పెట్టే హోటల్ అంటే నాకు చిరాకు.

వేపచెట్టు కొట్టకండి. అనుమతి లేకుండా కొడితే వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం కింద ఇబ్బంది, అది ఒకటి. అసలు మీ స్థలంలో అన్నిటికంటే విలువైంది అదే. ఉగాది ముందు పూత రాలుతుంది, ఆ రెండు మూడు వారాలు చారులో వేపపువ్వు కస్టమర్ అడక్కుండానే పడుతుంది. అందుకే దాని కింద భోజనం టేబుళ్లు వేయకుండా, టేబుల్ కోసం ఎదురుచూసేవాళ్లకు చుట్టూ అరుగు కట్టండి. మంచినీళ్ల కుండ అక్కడే. మొదలు చుట్టూ నాలుగడుగులు సిమెంటు వేయకుండా మట్టి వదలాలి. లైట్ల కోసం మేకులు కొట్టొద్దు.

చేతులు కడుక్కునే చోటు గురించి ఎవరూ ముందు ఆలోచించరు. మనం చేత్తో తినేవాళ్లం. బయట కూర్చున్న ముప్పై ఆరు మంది తినకముందు ఒకసారి, తిన్నాక ఒకసారి, ఎంగిలి చేతులతో లోపలి హాలు దాటి వాష్ బేసిన్‌కు వెళ్తే మీ హాలు బస్టాండులా ఉంటుంది. బయటే, గోడ పక్కన, టేబుళ్లకు అభిముఖంగా కాకుండా రెండు బేసిన్లు పెట్టండి. ఒకటి పిల్లలకు అందే ఎత్తులో. దానికి నీళ్లు, డ్రైనేజీ పైపులు బండలు పరచకముందే వేయాలి, తర్వాత అంటే తవ్వాల్సిందే.

మిస్ట్ ఫ్యాన్లు మీ ఊళ్లో పనిచేస్తాయి, కానీ మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా. గాలి పొడిగా ఉన్నప్పుడు సన్న తుంపర ఆవిరై చల్లదనం ఇస్తుంది. గాలిలో ఇప్పటికే తేమ ఉంటే ఆవిరి కాదు, మనుషులు, అప్పడాలు తడుస్తాయి. విశాఖలో ఒక క్లయింటు ఎంత చెప్పినా వినకుండా పెట్టించుకున్నాడు, ఆ సీజన్‌లోనే పీకేశాం. మీది బోరు నీళ్లయితే ఉప్పు పేరుకుని నాజిళ్లు మూసుకుపోతాయి, ఆర్వో నీళ్లు కావాలి. నన్నడిగితే ఆ డబ్బు పెట్టి గోడకు బిగించే పెద్ద ఫ్యాన్లు నాలుగు కొనండి. సాయంత్రం ఐదింటికి బండల మీద నీళ్లు చల్లించండి, ఆరున్నరకల్లా నేల వేడి దిగుతుంది. ఫ్యాన్ గాలికి ఇంకో లాభం, దోమలు. అవి గట్టి గాలిలో ఎగరలేవు. టేబుళ్ల కింద కాళ్ల దగ్గర గాలి తగిలేలా రెండు ఫ్యాన్లు కిందికి పెట్టండి, ఎందుకంటే కుట్టేది అక్కడే. కుండీల కింద పళ్లాల్లో నీరు నిలిస్తే వారం పది రోజుల్లో మీరే దోమల్ని పెంచినట్టు.

లైట్లు పసుపు కాంతివి వేయండి, 2700 నుంచి 3000 కెల్విన్ అని డబ్బా మీద ఉంటుంది. తెల్లకాంతికి పురుగులు ఎక్కువ వస్తాయి. ఒక తెల్ల లైటు టేబుళ్లకు దూరంగా, ప్రహరీ మూలన వేస్తే పురుగులు అటు పోతాయి. తొలకరి వాన పడ్డ మర్నాడో ఆ రాత్రో ఉసిళ్లు లేస్తాయి. ఆ గంటసేపు బయటి లైట్లు ఆర్పేసి, కస్టమర్లను లోపలికి పంపడం తప్ప మందేమీ లేదు. అందం కోసం మరీ మసక చీకటి పెట్టకండి. చేపల పులుసు తినేవాడికి ముల్లు కనపడాలి. వైరింగు విషయంలో పొదుపు చేయొద్దు: బయటి లైన్ వేరుగా తీసి, దానికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైన్ ఆపేసే స్విచ్చు), వాన తగిలే లైట్లు ఐపీ 65 రకం (నీళ్లు, దుమ్ము లోపలికి పోనివి), వైర్లన్నీ పైపుల్లో. తడి నేల, ఇనుప కుర్చీలు, ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకచోట చేరితే ప్రాణం పోతుంది.

ఫర్నిచర్‌కు టేబుళ్లన్నీ రెండున్నర అడుగుల చదరం, ఇద్దరికి ఒకటి చొప్పున తీసుకోండి. మన కుటుంబాలు ఆరుగురు, ఎనిమిది మంది కలిసి వస్తారు, కలుపుకుంటూ పోవచ్చు. మీ ఊరికి పౌడర్ కోటింగ్ చేసిన అల్యూమినియం చాలు, ఇనుము అయితే ఏటా రంగు. ఒకదానిలో ఒకటి ఇమిడే కుర్చీలైతే వాన వస్తే ఐదు నిమిషాల్లో లోపలికి చేరతాయి. దిండ్లు వద్దు. ఇంకో సంగతి మీ ఆడిటర్ చెప్పి ఉండాలి: 5 శాతం జీఎస్టీలో ఉన్న రెస్టారెంటుకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీని తిరిగి సర్దుకునే వీలు) రాదు. కొటేషన్ చివర "ట్యాక్స్ ఎక్స్‌ట్రా" అని రాసిన ఆ 18 శాతం మొత్తం మీ జేబులోంచే. ఆరు లక్షల బడ్జెట్‌లో అది చిన్న మొత్తం కాదు.

వడ్డన గురించి. కిచెన్ నుంచి చివరి టేబుల్ దాకా దూరం కొలవండి. ఫ్యాన్ గాలిలో దోసె రెండు నిమిషాల్లో మెత్తబడుతుంది, పుల్కా అప్పడమవుతుంది. మూత ఉన్న హండీలో బిర్యానీ, కబాబులు, గ్రేవీలు బయటికి బాగా వెళ్తాయి. అందుకే బయటి మెనూ కొంచెం కుదించడంలో తప్పు లేదు. బయట నీళ్లు, ప్లేట్లు, స్పూన్లు, ఆర్డర్ ట్యాబ్ ఉండే సర్వీస్ టేబుల్ ఒకటి, అక్కడి నుంచి కదలని మనిషి ఒకడు. లోపలివాడే బయట కూడా చూస్తాడంటే బయటివాళ్లను మరిచిపోతాడు. వైఫై అక్కడిదాకా అందుతుందో లేదో ముందే చూడండి. ఎంగిలి ప్లేట్లు రెండు నిమిషాలు ఆగితే వీధి కుక్కలు, పిల్లులు వస్తాయి. ఒకసారి ఎముక దొరికితే అవి రోజూ టైముకు హాజరు.

ఇక కాగితాలు. మీ ముందున్న స్థలం ఖాళీ జాగా అంటున్నారు, బిల్డింగ్ ప్లాన్‌లో అది సెట్‌బ్యాక్ (బిల్డింగ్ చుట్టూ రూల్ ప్రకారం వదిలే జాగా) కావచ్చు, పార్కింగ్ కావచ్చు. 2012 నాటి బిల్డింగ్ రూల్స్ జీవో 168 ప్రకారం సెట్‌బ్యాక్ ఖాళీగా వదలాల్సిన స్థలం. కదిలే టేబుళ్లు ఒక సంగతి, పక్కా షెడ్డు ఇంకో సంగతి. షెడ్డు వేస్తే మున్సిపల్ కార్పొరేషన్ నోటీసు మీకు కాదు, ముందు ఓనర్‌కు వెళ్తుంది, ఆయన మీ మీదికి వస్తాడు. ఊడదీసే కప్పు అని నేను చెప్పింది ఇందుకే. అదైనా టౌన్ ప్లానింగ్ వాళ్లను, ఫైర్ వాళ్లను అడిగాకే వేయండి. ఫుట్‌పాత్ మీదికి ఒక్క కుర్చీ కూడా పోకూడదు. ఆ స్థలం ఇప్పుడు బైకులకు వాడుతున్నట్టయితే పాతిక బైకులు ఎక్కడికి పోతాయో తేల్చండి. పార్కింగ్ లేదని వెనక్కి తిరిగిన కుటుంబం మీ లైట్లు చూసి ఆగదు. అగ్రిమెంట్‌లో ముందు స్థలం వాడకం, ఊడదీసే సామాను మీదేనన్న మాట, అద్దె పెంపు ఎంతో రాయించుకోండి. మీరు ఖర్చు పెట్టి జనం వస్తున్నారని చూశాక ఓనర్ అడిగే అద్దె వేరుగా ఉంటుంది.

పాటలు పెట్టాలనుంటే రాత్రి 10 తర్వాత ఆరుబయట స్పీకర్ చట్టరీత్యా కుదరదు. అంతకుముందు కూడా వ్యాపార ప్రాంతంలో పగలు 65 డెసిబెల్స్, ఇళ్ల ప్రాంతంలో 55. పెద్ద స్పీకర్ ఒకటి కాకుండా చిన్నవి నాలుగు తక్కువ సౌండులో పెడితే పక్కింటివాళ్ల టెన్షన్ ఉండదు.

బార్ విషయం సూటిగా చెప్తాను. ఎక్సైజ్ లైసెన్సు ఇచ్చేది మీరు చూపించిన ప్లాన్‌లోని స్థలానికి. ఆ గీత దాటి బయట టేబుల్ మీద గ్లాసు పెడితే అది ఉల్లంఘనే. కాబట్టి దరఖాస్తుకు ముందే బయటి స్థలాన్ని ప్లాన్‌లో చూపించవచ్చా అని ఎక్సైజ్ ఆఫీసులో అడిగి తేల్చుకోవాలి. కానీ ఆలోచించండి, రోడ్డు మీద పోయేవాళ్లకు కనిపించేలా మందు టేబుళ్లు ఉంటే హనుమకొండలో మీ దగ్గరికి పిల్లలతో వచ్చే కుటుంబాలు ఎన్ని వస్తాయి? బార్ కావాలంటే లోపల ఒక గది, బయట కుటుంబాలకు. నేనైతే అలాగే చేస్తాను.

ఆరు లక్షల్లో డబ్బు ఏ వరసలో పెట్టాలంటే: నేల, నీటి వాలు, పైపులు, కరెంటు, ఆ తర్వాత ఊడదీసే కప్పు, ఫ్యాన్లు, కుర్చీలు, చివరగా మొక్కలు, అలంకరణ. చాలామంది తిరగేసి చేస్తారు. అసలు ఇవన్నీ మొదలుపెట్టకముందు, దసరా దాటి వానలు తగ్గాక టెంట్‌హౌస్ వాళ్ల దగ్గర నాలుగు టేబుళ్లు, పదహారు కుర్చీలు, రెండు స్టాండు ఫ్యాన్లు అద్దెకు తెచ్చి మూడు వారాంతాలు నడిపి చూడండి. కుటుంబాలు లోపల ఏసీలో ఖాళీ ఉన్నా బయట అడుగుతున్నారా, బిల్లు లోపలి టేబుల్ కంటే ఎక్కువా తక్కువా, తిని లేవడానికి ఎంతసేపు పడుతోంది, కిచెన్ తట్టుకుంటోందా అన్నది రాసుకోండి. బయట కూర్చున్నవాళ్లు లోపలివాళ్లకంటే ఎక్కువసేపు కూర్చుంటారు, ఆ అంకె చూశాక ముప్పై ఆరు సీట్లు కావాలో ఇరవై నాలుగు చాలో నిర్ణయించుకోండి.